ఏడు వారాల పరువు

రైమో హౌటాల ముప్పై ఒక్క ఏళ్ళుగా పాత ట్రాక్టర్లు, కోత యంత్రాలు అమ్ముతున్నాడు. ఇన్నేళ్ళలో తనకు డబ్బు అవసరమని కొనేవాడికి ఒక్కసారి కూడా తెలియనివ్వలేదు. బేరం మధ్యలో ఫోను మోగితే తీసేవాడు కాదు. బ్యాంకు వాళ్ళేమోనన్న అనుమానం ఎదుటివాడికి రాకూడదు. చలికాలంలో నెలంతా ఒక్క గిరాకీ లేకపోయినా, రోజూ పొద్దున్నే నాలుగు యంత్రాల మీద మంచు దులిపించి, వాటిని అటూ ఇటూ జరిపించి, యార్డు నిండా చక్రాల గుర్తులు పడేలా చూసేవాడు. రోడ్డు మీద పోయేవాళ్ళకు వ్యాపారం నడుస్తున్నట్టు కనబడాలి.

అలాంటివాడు ఆ జూన్‌లో తన పసుపుపచ్చ కారు అమ్మకానికి పెట్టాడంటే నీళ్ళు గొంతు దాకా వచ్చాయన్నమాట.

ఇటలీ కారు అది. రెండే సీట్లు, వెనకాల ఇంజను, నేలకు జానెడు ఎత్తు. రెండేళ్ళ కిందట గాలిమరలు కట్టే కంపెనీ ఒకటి రైమో దగ్గర తవ్వకం యంత్రాలు ఇరవై రెండు ఒకేసారి కొంది. అంత లాభం అతని తండ్రి చూడలేదు, తాత చూడలేదు. ఆ సంవత్సరం రైమో చేతికి నెలకు యాభై వేల యూరోలు వచ్చాయి. రెండు లక్షల నలభై వేలు పెట్టి కారు కొన్నాడు. మిగిలింది పెట్టి, చాలనిది అప్పు పెట్టి, గాలిమరల వాళ్ళు మళ్ళీ వస్తారని, ఇంకో పది యంత్రాలు తెప్పించాడు. వాళ్ళు రాలేదు. దివాలా తీశారు. యంత్రాలు యార్డులోనే నిలబడ్డాయి. వాటిని అప్పు మీద ఇచ్చిన తంపెరే నగరంలోని దిగుమతి కంపెనీకి అక్టోబరు ఆఖరుకల్లా లక్షా యాభై వేలు కట్టాలి. కట్టకపోతే యార్డు వాళ్ళది. యార్డుతో పాటు ముగ్గురు మెకానిక్కుల పని కూడా పోతుంది.

కారుకు రైమో చెప్పిన ధర లక్షా డెబ్బై ఐదు వేలు. చూడటానికి వచ్చినవాడు బోర్యె సాండోస్. సముద్రం పక్కన నేర్పియోలో ఎనిమిది ఎకరాల గాజు కప్పుల కింద టొమాటోలు పండించే ఆసామి. చెప్పులు వేసుకుని వచ్చాడు, చేతికి ఇంకా టొమాటో ఆకుల పచ్చదనం అంటుకునే ఉంది. కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, టైర్లు తన్ని, లోపల కూర్చున్నాడు.

"ఇది పరిగెడుతుందా, షెడ్డులో పెట్టి చూసుకోవడానికా?"

"బెల్టు పెట్టుకో. తెలుస్తుంది."

ఊరు దాటాక రోడ్డు తాడు లాగి పరిచినట్టు ఉంటుంది. రెండు వైపులా బార్లీ చేలు. రైమో మొదట తొంభైలోనే పోనిచ్చాడు.

"నా టొమాటో లారీ దీన్ని దాటిపోయేట్టుంది" అన్నాడు బోర్యె కిటికీలోంచి బయటికి చూస్తూ.

రైమో కాలు నొక్కాడు. నూట ముప్పై. నూట అరవై. ముల్లు పది దాటినప్పుడల్లా కారు ధర వెయ్యి పెరుగుతున్నట్టు అనిపించింది. పక్కన బోర్యె మాట ఆపేశాడు. కొనేవాడు మాట ఆపేశాడంటే బేరం సగం కుదిరినట్టే. రెండు వందల నాలుగు.

అప్పుడు కుడి వైపు చేలోంచి ఒక ట్రాక్టరు రోడ్డు ఎక్కింది. వెనకాల గడ్డి చుట్టలు వేసిన ట్రెయిలరు. తోలుతున్నది పాల వ్యాపారం చేసే హిల్క పెరాల. ఆ ట్రాక్టరు అమ్మింది రైమోనే, ఎంత మెల్లగా మలుపు తిరుగుతుందో అతనికి తెలుసు. బ్రేకు మీద రెండు కాళ్ళూ వేశాడు. కారు కేకలు పెడుతూ, అటూ ఇటూ ఊగుతూ, ట్రెయిలరు దగ్గరికొచ్చి ఆగింది. హిల్క పైనుంచి తల తిప్పి ఒకసారి చూసింది. మలుపు పూర్తి చేసి తన దారిన పోయింది.

రైమో చేతులు స్టీరింగు వదలకముందే వెనక మామూలు కారులా కనిపించే పోలీసు కారు వచ్చి ఆగింది. దిగినది ముప్పై ఏళ్ళ అమ్మాయి.

"రెండు వందల నాలుగు" అంది. "ఈ రోడ్డుకు వంద."

"నా మీటరు కూడా అంతే చూపించింది."

"సంతోషం. లైసెన్సు ఇటివ్వండి. అది ఇక నా దగ్గరే ఉంటుంది. ఇంత వేగం నేను రోడ్డు మీద తేల్చేది కాదు, ప్రాసిక్యూటరు దగ్గరికి పోతుంది." చేతిలో ఉన్న టాబ్లెట్ మీద వేలు కదిపింది. "పన్ను లెక్కలో మీ చేతికొచ్చేది నెలకు యాభై వేలని ఉంది. అది రెండేళ్ళ కిందటి లెక్క. అప్పటికీ ఇప్పటికీ ఏమన్నా మారిందా?"

బోర్యె కారుకు ఆనుకుని నిలబడి బార్లీ చూస్తున్నాడు. చూపు బార్లీ మీద, చెవి ఇటు.

రైమో తలలో లెక్క చకచకా తిరిగింది. వాళ్ళ దేశంలో ఇలాంటి పెద్ద నేరాలకు జరిమానా రోజుల్లో వేస్తారు. డెబ్బై రోజులంటే ఎవడికైనా డెబ్బై రోజులే, ఒక్కో రోజు ఖరీదు మాత్రం ఆ మనిషి సంపాదనను బట్టి ఉంటుంది. ఇప్పుడు తనకొచ్చేది నెలకు రెండు వేల చిల్లర. ఆ మాట పైకి అంటే జరిమానా తగ్గుతుంది, కానీ పక్కనున్నవాడు కారు ధరలో నలభై వేలు కోస్తాడు. జరిమానా సంగతి తర్వాత చూసుకోవచ్చు, బేరం ఇప్పుడే పోతుంది.

"ఏమీ మారలేదు" అన్నాడు.

ఆమె రాసుకుంది. పోలీసులకు ఆదాయం తక్కువ చేసి చెబితే నేరం. ఎక్కువ చేసి చెప్పేవాడు ఉంటాడని ఎవరికీ తోచినట్టు లేదు.

లైసెన్సు లేదు గనక వెనక్కి కారు బోర్యెనే నడిపాడు.

"ఎనభైలో కూడా బాగానే ఉంది" అన్నాడు యార్డులో దిగుతూ. ఆ రోజు ధర మాట్లాడలేదు.

వారం తర్వాత ఫోను చేశాడు.

"నేను లెక్క వేశా రైమో. నీకు యాభై ఎనిమిది వేలు తగులుతుంది. అటూ ఇటూగా."

"తగిలితే?"

"అంత డబ్బు ఎవడూ డ్రాయరులో పెట్టుకోడు. నీకిప్పుడు నగదు కావాలి. నూట ఇరవై వేలు ఇస్తా."

"నూట డెబ్బై ఐదు."

"ఆలోచించుకో. టొమాటోలు కుళ్ళుతాయి గానీ నేను కుళ్ళను."

రైమో ఫోను బల్ల మీద పెట్టాడు. ధర నిలబెట్టడానికి చెప్పిన అబద్ధం ధరను యాభై ఐదు వేలు కిందికి లాగింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఇంత చెడ్డ బేరం చేసిన గుర్తు లేదు.

అయినా ఆ వేసవి మరీ చేదుగా ఏమీ గడవలేదు. పెట్రోలు బంకులో పొద్దున పూట రైతులు కూర్చునే కాఫీ బల్ల ఒకటుంది. రైమో సైకిలు దిగి లోపలికి రాగానే అక్కడ మాట ఆగి, మళ్ళీ మొదలయ్యేది.

"డెబ్బై రోజులేస్తారు. రోజుకు ఎనిమిది వందల ముప్పై. యాభై ఎనిమిది వేల వంద."

"నది ఇవతల ఇంత జరిమానా ఎవడికీ పడలా."

"మా అల్లుడికి పడింది మొన్న. రోజుకు ఆరు యూరోలు. వాడికి పిల్లనిచ్చానని ఇంట్లోంచి బయటికి రాలేకపోయా."

"లే, లే, అక్కణ్ణుంచి. రైమోను కిటికీ దగ్గర కూర్చోనీ. కాఫీ నేనిప్పిస్తా."

"నువ్వెందుకు? ఆయనే మనందర్నీ కొనగలడు."

రైమో కాదనేవాడు కాదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని కాఫీ తాగేవాడు. ఇంకా తీర్పే రాని జరిమానా అతని భుజం మీద కొత్త కోటులా ఉంది. ఆ కోటు తనది కాదని తెలిసినా విప్పబుద్ధి కాలేదు.

సెప్టెంబరు ఇరవైన కోర్టు నుంచి కాగితం వచ్చింది. నేరం ఒప్పుకుని, కింద రాసిన ఆదాయం సరిగ్గా ఉందని సంతకం పెడితే చాలు, కోర్టుకు రానక్కరలేదు, కాగితాల మీదే తేలుస్తారు. ఆదాయం దగ్గర యాభై వేలని ముందే అచ్చువేసి ఉంది.

వంటగదిలో అతని భార్య మిర్యా అడవిలో కోసుకొచ్చిన ఎర్రపండ్లు బల్ల మీద పోసి ఆకులు ఏరుతోంది. బడిలో మూడు వందల మందికి వండే మనిషి, చేతులు వాటంతటవే పనిచేస్తాయి.

"పెడతావా సంతకం?"

"పెడితే గొడవ లేదు."

"ఎంత?"

"యాభై ఎనిమిది వేల వంద."

ఆమె ఒక ఆకు తీసి పక్కన పడేసింది. "నీకిప్పుడు వచ్చేదెంత?"

"నీకు తెలుసు."

"నాకు తెలుసు. ఆ కాగితానికి తెలీదు."

"మిర్యా, కోర్టుకు పోయి నెలకు రెండు వేలొస్తాయని చెప్పాననుకో. పేపరువాడు అక్కడే కూర్చుని ఉంటాడు. మర్నాడు తంపెరే వాళ్ళు విడిభాగాలు కూడా నగదు మీదే అంటారు. అడ్వాన్సు ఇచ్చినవాడు వెనక్కి అడుగుతాడు. యార్డు పోతుంది."

"యాభై ఎనిమిది వేలు కడితే?"

"కారు అమ్మి..." అని ఆగాడు. కారు నూట యాభైకి అమ్మినా, అందులోంచి ఇది తీస్తే తంపెరే వాళ్ళకు మిగిలేది తొంభై రెండు. "అప్పు తెస్తా. ఉన్నవాణ్ణనుకుంటే అప్పు పుడుతుంది."

"ఎన్నాళ్ళు అనుకుంటారు?"

రైమోకు అర్థం కాలేదు.

"ఈసారి కేకు ఎవరు తేవాలి?" అని అడిగింది మిర్యా.

అప్పుడు అర్థమైంది.

ప్రతి నవంబరులో ఒక రోజు పన్నుల ఆఫీసు దేశంలో ఎవరు ఎంత సంపాదించారో బయటపెడుతుంది. పక్కింటివాడిదైనా, పాస్టరు గారిదైనా అడిగినవాడికి చెబుతుంది. ఆ పొద్దున దేశమంతా ఫోనుల్లో తలలు దూర్చి ఉంటుంది. రైమో యార్డులో ఆ రోజుకు ఒక ఆచారం ఉంది. అందరిలోకీ ఎక్కువ సంపాదించినవాడు కేకు తేవాలి. ఇరవై మూడేళ్ళుగా రైమోనే తెచ్చాడు. పోయిన నవంబరులో తెచ్చినదైతే, ఒక్కడు మోయలేక ఇద్దరు పట్టుకుని దింపారు. ఈ నవంబరులో బయటికొచ్చేవి పోయిన ఏడాది లెక్కలు. గాలిమరలు లేని ఏడాదివి.

రైమో లేచి గోడ మీది క్యాలెండరు ముందు నిలబడ్డాడు. వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఆ రోజుకు సరిగ్గా ఏడు వారాలు. బల్ల దగ్గరికొచ్చి, ఆ కాగితం వెనకే పెన్సిలుతో రాశాడు. యాభై ఎనిమిది వేల వందలోంచి, నిజం చెబితే పడే రెండు వేల నూట డెబ్బై తీసేస్తే యాభై ఐదు వేల తొమ్మిది వందల ముప్పై. దాన్ని ఏడుతో భాగించాడు.

"వారానికి ఏడు వేల తొమ్మిది వందల తొంభై" అన్నాడు.

"ఏంటది?"

"అద్దె. పరువుకు." పెన్సిలు కింద పెట్టాడు. "హెల్సింకీ నడిబొడ్డున కొట్టుకు కూడా ఇంత ఉండదు."

"కిటికీ పక్క కుర్చీతో కలిపేమో."

"ఆ కుర్చీ సంగతి నీకెవరు చెప్పారు?"

"ఊరంతా తెలుసు. నువ్వు సిగ్గులేకుండా అందులో కూర్చోవడం కూడా తెలుసు."

రైమో అచ్చు వేసిన యాభై వేలను అడ్డంగా కొట్టేసి, పైన రెండు వేల నూట పదిహేను అని రాశాడు. కోర్టుకు స్వయంగా వస్తానన్న గడిలో గుర్తు పెట్టాడు. మిర్యా బల్ల మీంచి ఒక పండు తీసి అతని నోట్లో పెట్టింది. పుల్లగా ఉంది.

ఎలాగూ పోయే పరువు అయితే తన చేత్తోనే దింపి కింద పెట్టాలని రైమో నిర్ణయించుకున్నాడు. పాడైన యంత్రాన్ని కొనేవాడు కనిపెట్టకముందే మనం చెబితే ధర కొంత తగ్గుతుంది. వాడు కనిపెడితే మొత్తం పోతుంది. మర్నాడు పొద్దున కాఫీ వేళ మెకానిక్కులు ముగ్గుర్నీ కూర్చోబెట్టి అప్పు ఎంతో, గడువు ఎప్పుడో చెప్పాడు. అందరిలోకీ పెద్దవాడు యార్మో కప్పులో చెంచా తిప్పుతూ విన్నాడు.

"మాకు ఏప్రిల్‌లోనే తెలుసు" అన్నాడు.

"ఎట్లా?"

"ఆయిలు ఫిల్టర్లు ఒక్కొక్కటిగా ఆర్డరు పెడుతున్నావు. ముందు పెట్టెలకు పెట్టెలు తెప్పించేవాడివి."

"మరి అనలేదే?"

"నువ్వు అనలేదు కదా."

పెట్రోలు బంకులో మరింత కష్టమైంది. నిలబడే చెప్పాడు. డబ్బు లేదని, జూన్‌లో పోలీసుకు చెప్పింది అబద్ధమని, కారు అమ్మి అప్పు కడుతున్నానని. అల్లుడి కథ చెప్పినాయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. మర్నాడు రైమో వెళ్ళేసరికి కిటికీ పక్క కుర్చీలో వేరేవాడు కూర్చుని ఉన్నాడు. రైమో తలుపు పక్కన చలిగాలి తగిలే చోట కూర్చుని, తన కాఫీకి తనే డబ్బిచ్చి తాగాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. ఆ పై రోజూ వెళ్ళాడు.

తంపెరేకు తనే ఫోను చేశాడు. విడిభాగాలు ఇకనుంచి నగదు మీదే అన్నారు. అనుకున్నదే. గడ్డి కోసే యంత్రానికి నాలుగు వేలు అడ్వాన్సిచ్చిన రైతు ఒకడు వెనక్కి తీసుకుపోయాడు. రైమో రశీదు చింపి, డబ్బు చేతికిచ్చి తలుపు దాకా సాగనంపాడు.

అక్టోబరు మధ్యలో కోర్టు. చిన్న గది, లేత రంగు కర్ర బల్లలు. వెనక వరసలో పేపరమ్మాయి, కాఫీ బల్ల నుంచి నలుగురు. సాక్షులుగా హిల్క, బోర్యె. జడ్జి కళ్ళద్దాల ఆవిడ, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి.

"మీరు ఏం చూశారు?" అని హిల్కను అడిగింది.

"పసుపు రంగు. మొదట దూరంగా ఉంది, తల తిప్పేసరికి దగ్గరగా ఉంది. మధ్యలో ఏమీ లేదు."

"ఎంత దూరంలో ఆగింది?"

"ట్రెయిలరుకూ దానికీ మధ్య మా ఆవు ఒకటి పడుకోవచ్చు. రెండు పట్టవు."

ఎవరూ నవ్వలేదు. తర్వాత బోర్యె లేచి, పరిగెడుతుందా అని తనే అడిగానని, లారీ దాటిపోతుందని కూడా తనే అన్నానని చెప్పాడు. "తొక్కమని మాత్రం అనలేదు" అని చేర్చాడు.

జడ్జి రైమో వైపు తిరిగింది. "ఆదాయం మారలేదని మీరు పోలీసుకు చెప్పారు. ఇక్కడ వేరే అంకె రాశారు. ఏది నిజం?"

"ఇక్కడిది. నెలకు రెండు వేల నూట పదిహేను. జీతం చీటీలు తెచ్చాను."

"మరి అప్పుడు?"

"అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"కొనేవాడు పక్కన ఉన్నాడు."

వెనక వరసలో ఎవరో దగ్గారు. బోర్యె తన బూట్లు చూసుకున్నాడు. ఈసారి బూట్లే వేసుకొచ్చాడు.

"జరిమానా పెంచుకోవడానికి అబద్ధమాడిన మనిషిని ఈ బల్ల ముందు నేను చూడలేదు" అంది జడ్జి. చీటీలు ఒక్కొక్కటీ తిప్పి చూసింది. డెబ్బై రోజులు, రోజుకు ముప్పై ఒక్క యూరో. వెరసి రెండు వేల నూట డెబ్బై. వచ్చే ఏప్రిల్ దాకా బండి ముట్టకూడదు. "డెబ్బై రోజులు తక్కువ అనుకోకండి" అంది కాగితాలు సర్దుతూ. "కోటీశ్వరుడికైనా డెబ్బైయే వేసేదాన్ని."

బయట వసారాలో హిల్క కోటు తొడుక్కుంటోంది. రైమో వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. జూన్ నుంచి ఆమెతో మాట్లాడలేదు. ఫోను చేద్దామని నాలుగుసార్లు అనుకుని నాలుగుసార్లూ వేరే పని పెట్టుకున్నాడు.

"రెండు వేలేనా?" అంది హిల్క.

"రోజుకు ముప్పై ఒకటి."

"నాకూ అంతే పడేది. అయితే నువ్వూ నేనూ ఒకటే ఇప్పుడు."

"హిల్కా, ఆ రోజు... తప్పు చేశాను."

"చేశావు."

"ట్రాక్టరులో నువ్వొక్కదానివేనా?"

ఆమె గుండీలు పెట్టుకోవడం పూర్తి చేసింది. "మా మనవరాలు పక్క సీట్లో ఉంది. ఐదేళ్ళు దానికి. ఇప్పటికీ పసుపు కారు కనబడితే నా చెయ్యి పట్టుకుంటుంది."

రైమో దేన్నయినా అంకెలో పెట్టగలడు. దీన్ని పెట్టడానికి అంకె దొరకలేదు.

"అమ్మేస్తున్నా దాన్ని" అన్నాడు చివరికి.

"అమ్మితే ఇంకొకడు తోలతాడు" అంది హిల్క, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మెట్ల పక్కన బోర్యె ఎదురుచూస్తున్నాడు.

"మొన్న నూట ఇరవై అన్నా. ఇప్పుడు నీ సంగతి తెలిసింది. నూట పది."

"నా సంగతి నీకే కాదు, పేపరుకు కూడా తెలిసింది. రేపు చదువుకుంటావు. దాచేదేమీ లేదు గనక సూటిగా చెబుతా, విను." రైమో తన గొంతులో ఎప్పుడూ వినని స్థిమితం విన్నాడు. "నెలాఖరుకు నేను లక్షా యాభై వేలు కట్టాలి. ఇవాళ్టి జరిమానా రెండు వేల నూట డెబ్బై. అంతకంటే ఒక్క యూరో తగ్గినా యార్డు పోతుంది. యార్డు పోయేట్టయితే నీకు అమ్మి నాకేం లాభం? అప్పుడు కారు వేలంలోకి పోతుంది. నువ్వు పోయి హెల్సింకీ వాళ్ళతో పాడుకో. గడువులోగా వేలం కుదరదు గనక నాకది పనికిరాదు, కానీ అక్కడ అది నూట డెబ్బై పలుకుతుందని నీకూ తెలుసు."

"అంటే?"

"లక్షా యాభై రెండు వేల నూట డెబ్బై. ఒక్కటి ఎక్కువ వద్దు, ఒక్కటి తక్కువ వద్దు."

ఇద్దరూ పార్కింగు వైపు చూస్తూ నిలబడ్డారు. మిర్యా పాత వ్యాను అద్దం తుడుస్తోంది.

"అప్పులు కూడికేసి కారుకు ధర కట్టినవాణ్ణి నిన్నే చూశా" అన్నాడు బోర్యె. "చలికాలం టైర్లు ఉన్నాయా?"

"లేవు. చలికాలం దాన్ని బయటికి తీయకూడదు."

"వేసవిలో?"

"మా రోడ్డు మీదికి తేకు. అది కూడా ధరలో ఉంది. కాగితం మీద రాస్తా, సంతకం పెట్టు."

"దానికి విలువెంత?"

"అంకె నాకూ తెలీదు. అది లేకుండా అమ్మను."

బోర్యె అతని ముఖంలోకి చూశాడు. ఇన్నాళ్ళూ రైమో ముఖంలో వెతికింది అవసరం. ఇవాళ అది వెతకక్కరలేకుండా పైనే ఉంది, దాని కిందేదో కదలనిది కూడా ఉంది. చెయ్యి చాపాడు.

తిరుగు ప్రయాణంలో మిర్యా నడిపింది. ఎనభై దాటనివ్వలేదు. లారీలు, బస్సులు, చివరికి గడ్డి చుట్టలు నింపుకున్న లారీ కూడా వాళ్ళను దాటిపోయింది. రైమో పక్క సీట్లో కూర్చుని ఒడిలో చేతులు పెట్టుకున్నాడు.

నవంబరులో ఆ రోజు పొద్దున మంచు పడింది. రైమో కాలితో తోసుకుంటూ మంచు మీద జారే బండి మీద యార్డుకు వచ్చాడు. అమ్ముడుపోని యంత్రాల మీద మంచు అలాగే ఉంది. ఇక దులిపించడం లేదు. పదింటికి ఒక రైతు చూడటానికి వస్తానన్న కోత యంత్రం ఒక్కదాని మీద మాత్రం చీపురుతో తనే దులిపాడు.

కాఫీ గదిలో ముగ్గురూ ఫోనులు చూసుకుంటున్నారు. బల్ల మీద అట్టపెట్టెలో కేకు. ధర చీటీ ఇంకా అంటుకునే ఉంది. తొమ్మిది యూరోల తొంభై.

"పోయిన ఏడు నేనే ఎక్కువ" అన్నాడు యార్మో సిగ్గుపడుతూ. "ఆదివారాలు పనిచేశా కదా. నువ్వు ఆఖరు, రైమో. మన కుర్రాడు ఒస్సి కూడా నీకంటే పైన."

"చీటీ తీసెయ్యాల్సింది."

"ఎందుకు? అందరికీ తెలియనీ ఎంతో."

రైమో చాకు తీసుకుని కేకును నాలుగు ముక్కలు చేశాడు. ఇన్నేళ్ళూ కేకు తెచ్చినవాడే గనక ఎప్పుడూ ఆఖరి ముక్క తీసుకునేవాడు. ఇవాళ యార్మో మొదటి ముక్క అతని ముందుకు తోశాడు. క్రీము కాస్త తక్కువగా ఉంది, అయినా బాగుంది.

"వచ్చే ఏడు కూడా నువ్వే తేవాల్సి వస్తుందేమో" అన్నాడు రైమో.

"ఆ పై ఏడు?"

రైమో వేలికి అంటిన క్రీము తుడుచుకుని కిటికీలోంచి చూశాడు. పది యంత్రాల్లో మూడు అమ్ముడుపోయాయి, ఏడు ఉన్నాయి.

"ఆ పై ఏడు నేను తెస్తా" అన్నాడు. "ఒక్కడే మోయగలిగేది."

బయట ట్రాక్టరు చప్పుడు వినిపించింది. పదికి ఇంకా పావుగంట ఉంది. రైమో టోపీ పెట్టుకుని లేచాడు.